నాటకం లేని నాటక పాటలు: చౌడయ్య హాలులో ఒక బారిటోన్ కచేరీ

బెంగళూరు మల్లేశ్వరం చేరువలోని చౌడయ్య స్మారక మందిరంలో ఇటీవల ఒక శనివారం సాయంత్రం జరిగిన కచేరీకి మా మేనమామతో కలిసి వెళ్లాను. అమెరికా, ఇంగ్లండ్ సంగీత నాటకాలలోని పాటలను ఒక బారిటోన్ గాయకుడు పూర్తిస్థాయి ఆర్కెస్ట్రాతో కలిసి పాడిన కార్యక్రమం అది. ఇదే కార్యక్రమాన్ని మరికొన్ని నగరాలకు తీసుకెళ్తామని వేదిక మీద ప్రకటించారు కాబట్టి, టికెట్టు కొనాలా వద్దా అని ఆలోచించేవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను. పాటగాడి మీద నాకు గౌరవం కలిగింది, నిర్వాహకుల మీద మాత్రం కొన్ని ఫిర్యాదులు మిగిలాయి. అందువల్ల ఎవరి పేర్ల జోలికీ పోకుండా విన్నది విన్నట్లు చెబుతాను.

మా మావయ్య తెనాలి ప్రాంతంలో నలభై ఏళ్లు పద్యనాటక సమాజాలకు హార్మోనియం వాయించిన మనిషి. ఇంగ్లీషు పత్రిక చదువుతారు గాని, ఇంగ్లీషు పాట వింటే మాటలు పట్టుబడవంటారు. ఆయనను వెంట తీసుకెళ్లడంలో నా స్వార్థం కొంత ఉంది. నాటకం కోసం పుట్టిన పాటను నాటకం లేకుండా వినడమంటే ఏమిటో, నాకు తెలిసినవారిలో ఆయనకంటే ఎక్కువ తెలిసినవారు లేరు. పూర్తి నాటకం ఆడించుకునే స్తోమత లేని ఊళ్లు తిరునాళ్లకు రాయబారం సీను ఒక్కటే పెట్టించుకోవడం, అదీ కుదరకపోతే ఒక నటుణ్ణి పిలిపించి వేషం లేకుండా పద్యాలు మాత్రం పాడించుకోవడం ఆయన దగ్గరుండి చూసిన సంగతులు. అక్కడ ఏ చిక్కూ లేదు, ఎందుకంటే కృష్ణుడు ఏ సభలో నిలబడి ఎవరితో మాట్లాడుతున్నాడో చాప మీద కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు. మిసిసిపీ నది ఒడ్డున బస్తాలు మోసే కూలీ ఎవరో, రంగులరాట్నం దగ్గర జనాన్ని కేకేసి పిలిచే కుర్రవాడికి వచ్చిన కష్టమేమిటో బెంగళూరు శ్రోతకు తెలియాలని ఎక్కడుంది? ఇటువంటి కచేరీకి అసలు పరీక్ష అక్కడే ఉందని నా అభిప్రాయం. కథ తెలియనివాడికి పాటతోబాటు ఆ పాట పాడుతున్న పాత్ర కూడా చేరిందా లేదా అన్నదే ఈ సమీక్షకు నేను పట్టుకున్న కొలబద్ద.

ముందుగా బారిటోన్ సంగతి. పాశ్చాత్య పద్ధతిలో మగ గొంతులను స్థూలంగా టెనర్, బారిటోన్, బాస్ అని విభజిస్తారు. పైస్థాయిలో పలికేది టెనర్, అడుగున పలికేది బాస్, ఆ రెంటి నడుమ ఉండేది బారిటోన్. హార్మోనియం లెక్కలో చెప్పాలంటే, ఒకటి శ్రుతి పెట్టుకుని మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా సుమారు రెండు స్థాయిలు ధారాళంగా తిరిగే గొంతు అనుకోవచ్చు. మన కర్ణాటక గాయకుడికి అలవాటైన మేర కూడా దాదాపు అదే. పద్యనాటకం దారి మాత్రం వేరు. మైకులు లేని రోజుల్లో, ఆరుబయట, వేలమంది జనంలో చివరివాడికి వినపడాలి కాబట్టి మన నటులు నాలుగు, ఐదు శ్రుతుల్లో గొంతెత్తి తారస్థాయిలోనే పద్యం నిలబెట్టేవారు. అందుకే కాబోలు, గాయకుడు నోరు తెరిచిన తొలి నిమిషంలోనే మావయ్య మోకాలి మీద వేళ్లు ఆడిస్తూ శ్రుతి వెతుక్కుని, "ఇంత కిందనుంచి పాడితే నాటకం ఎవడికి వినపడుతుందిరా?" అని నా చెవిలో అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది గాని, కచేరీ మధ్యలో చెప్పే వీలు లేకపోయింది.

జవాబు ఇది. పాశ్చాత్య శాస్త్రీయ గేయనాటకమైన ఒపేరా తరహా శిక్షణ పొందిన గొంతులో సుమారు 3000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఒక ప్రత్యేకమైన ప్రతిధ్వని బలం ఏర్పడుతుందని స్వీడన్‌కు చెందిన శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బర్గ్ 1970లలో చూపించాడు. ఆర్కెస్ట్రా శబ్దంలో బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండి, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి, వాద్యాలు బలహీనపడిన ఆ చోట గొంతు తలెత్తుకుని మైకు లేకుండానే వెనుక వరుస దాకా వెళ్తుంది. మనవాళ్లు శ్రుతి పెంచి సాధించినదాన్ని వాళ్లు గొంతులోని మెరుపును పెంచి సాధించారన్నమాట.

వినపడటం గురించే మాట్లాడుకుంటున్నాం కనుక, ఈ హాలు పేరు వెనుక ఉన్న మనిషిని కూడా తలుచుకోవాలి. ఏడు తీగల వయొలిన్‌తో పేరు పొందిన తిరుమకూడలు చౌడయ్య (1895–1967) స్మారకంగా 1980లో వయొలిన్ ఆకారంలోనే కట్టిన మందిరం ఇది. తీగలు, బ్రిడ్జి, కమాను కూడా కట్టడంలో భాగంగా కనబడతాయి. మైకులు అంతగా లేని కాలంలో నాలుగు తీగల నాదం దూరపు శ్రోతకు చాలడం లేదని ఆయన మరో మూడు తీగలు చేర్చుకున్నారని చెబుతారు. వినపడటానికి అంత తపన పడిన విద్వాంసుడి పేరు పెట్టుకున్న చోట నిర్వాహకులు తెచ్చిపెట్టిన లౌడ్‌స్పీకర్లు ఏం చేశాయో కాస్త ఆగి చెబుతాను.

ఆర్కెస్ట్రా వేదిక మీదే కూర్చుంది. నేను లెక్కపెట్టినంతవరకు ముప్పై ఎనిమిది మంది. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకశాలల్లో వాద్యబృందం వేదిక ముందున్న గోతిలో కూర్చుంటుంది కాబట్టి ప్రేక్షకుడికి వాళ్ల పని కనిపించదు. ఇక్కడ కనిపించడం ఈ కచేరీతో నాకు కలిగిన మొదటి లాభం. ఆ నాటకాలకు వాద్యకల్పన చేసేవారు స్థలం, ఖర్చు చూసుకుని క్లారినెట్ వంటి రీడ్ (నోటికి పెట్టుకునే రెల్లు పలక) వాద్యాలవారిలో ఒక్కొక్కరి చేత రెండు మూడు వాద్యాలు వాయించేట్లు రాస్తారు. మాకు సూటిగా ఎదురుగా కూర్చున్న ఒక యువతి ఒళ్లో క్లారినెట్, పక్కన స్టాండు మీద ఫ్లూటు, నేల మీద మేకు మోపి నిలబెట్టిన బాస్ క్లారినెట్ ఉన్నాయి. పాటలో ఫ్లూటు వంతు ముగియగానే, తర్వాతి పాటకు కావలసిన రీడును పెదవుల మధ్య పెట్టుకుని తడుపుకుంటూ, పేజీ తిప్పి, ఫ్లూటు దించి, సరిగ్గా రెండు చరణాల వ్యవధిలో బాస్ క్లారినెట్ ఎత్తుకునేది. నాదస్వర విద్వాంసుడు పీకను తడుపుకునే అలవాటు ఎరిగిన మావయ్య పాట సగం వదిలేసి ఆ అమ్మాయినే చూస్తూ కూర్చున్నారు. హార్ప్ అనే పెద్ద తంత్రీవాద్యం వాయించేవారు దొరకలేదేమో, ఆ భాగాలను ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద లాగించారు. అది మాత్రం ప్లాస్టిక్ పువ్వు లాగా ప్రతిచోటా బయటపడింది.

ఈ పాటల స్వరకర్తల పేర్లు చాలామందికి తెలుసు గాని, ఆ స్వరాలను వాద్యాలకు పంచిపెట్టినవారి పేర్లు అంతగా తెలియవు. రాబర్ట్ రసెల్ బెన్నెట్ అటువంటివాడు. 'ఓక్లహోమా!', 'సౌత్ పసిఫిక్' నాటకాలకు ఆయన చేసిన వాద్యకల్పనలో ఫిడేళ్లు గాయకుడి గొంతు నడిచే మెట్టు మీద కాలు పెట్టవు. అయితే పైన ఉంటాయి, లేకపోతే పక్కకు తప్పుకుంటాయి. ఈ బృందంలోని ఫిడేలువాళ్లకు ఆ మర్యాద తెలుసు. చెన్నై సినిమా రికార్డింగులలో ఆరితేరిన కొందరు వచ్చారని విరామంలో ఒకరు చెప్పారు. ఆ మాట నిజమే అయి ఉంటుందనిపించింది, ఎందుకంటే బృందాన్ని నడిపించే కండక్టరు చేతిని గమనిస్తూ ఒకే ఊపిరిగా విల్లు మళ్లించడం రాత్రికి రాత్రి వచ్చే విద్య కాదు. ట్రంపెట్లు మాత్రం మొదటి అరగంట శ్రుతికి కొంచెం పైనే ఉన్నాయి. మావయ్య వేళ్లు రెండుసార్లు మోకాలి మీద ఆగిపోవడం చూసి నాకు ఆ సంగతి రూఢి అయింది.

గాయకుడి మొదటి ప్రవేశం ఈ సాయంత్రంలోని మంచి ఆలోచనల్లో ఒకటి. ఓవర్చర్ అనే ఆరంభ వాద్యసంగీతం ముగిశాక వేదిక మీద ఎవరూ లేరు. 1943లో రిచర్డ్ రోడ్జర్స్, ఆస్కార్ హామర్‌స్టీన్ కలిసి చేసిన 'ఓక్లహోమా!' నాటకం తెర లేవగానే ఒక ముసలావిడ ఒంటరిగా వెన్న చిలుకుతూ కనిపిస్తుంది, కథానాయకుడి పాట ముందు తెర పక్కనుంచి వినిపిస్తుంది. హంగుగా అందరూ ఒక్కసారి వేదిక మీదికి వచ్చి ఆడిపాడే ఆరంభాలకు అలవాటు పడిన అప్పటి ప్రేక్షకులకు అది కొత్త. మన గాయకుడు కూడా అలాగే, మైకుకు దూరంగా, వేదిక పక్క తెరల చాటునుంచి తెల్లవారుజాము గురించిన ఆ పాట మొదటి చరణాన్ని అందుకుని, రెండో చరణానికి నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు. మావయ్య ముందుకు వంగి కూర్చున్నారు. తెర లోపలినుంచి పద్యం ఎత్తుకుని, జనం ఎవరొస్తున్నారో గొంతుతోనే గుర్తుపట్టాక ప్రవేశించడం ఆయనకు ఎరుకైన పద్ధతే. భాష పట్టుబడకపోయినా ఒక పల్లెటూరి కుర్రవాడు పొద్దున్నే ఖుషీగా వస్తున్నాడని ఆయనకు తెలిసిపోయింది. నా కొలబద్ద ప్రకారం ఆ పాటకు పూర్తి మార్కులు.

తర్వాతి రెండు పాటలకు అంత మార్కులు వేయలేను. 1949 నాటి 'సౌత్ పసిఫిక్'లోని 'సమ్ ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్' పాటను మొదట పాడినవాడు ఎజియో పింజా. ఒపేరాలో పేరు మోసిన బాస్ గాయకుడు. వయసు మళ్లిన తోటల యజమాని ఒకడు, తనకంటే చాలా చిన్నదైన నర్సుతో మనసులోని మాట చెప్పడానికి తటపటాయిస్తూ పాడే పాట అది. మన గాయకుడు ఆ తటపటాయింపును పక్కన పెట్టి గొంతులోని నునుపు మాత్రం చూపించాడు. 1960లో 'కామెలాట్' నాటకం కోసం ఫ్రెడరిక్ లో (Loewe) అనే స్వరకర్త స్వరపరచగా రాబర్ట్ గూలే పాడి పేరు తెచ్చుకున్న లాన్సెలాట్ పాటదీ ఇదే కథ. రాజు భార్యను ప్రేమించిన వీరుడు, నిన్ను విడిచి ఏ రుతువులో వెళ్లగలను అని నాలుగు రుతువులనూ ఏకరువు పెడతాడు. నాలుగూ ఒకే రంగులో వినిపించాయి. అందమైన గొంతు వినడానికి వచ్చినవారు తృప్తిపడి ఉంటారు. నాకు మాత్రం వేషం లేకుండా పాడించుకున్న పద్యాలలో రాగాలాపన మిగిలి అర్థం జారిపోయిన సందర్భాలు గుర్తుకు వచ్చాయి.

అయితే ఇందులో పాపం గాయకుడిది సగమే. మేము కూర్చున్నది ముందునుంచి మూడో వరుస, వేదికకు కుడివైపు. టికెట్టు 2,000 రూపాయలు. మా నెత్తిన లౌడ్‌స్పీకర్ల వరుస వేలాడుతోంది. శబ్దం చూసుకునేవారు ఎవరో గాని, బారిటోన్ అనగానే అడుగు స్వరాలు గుండెల మీద మోగాలని నిశ్చయించుకున్నట్టున్నారు. గాయకుడు కిందికి దిగిన ప్రతిసారీ పక్కింట్లో పిండిమర ఆడుతున్నట్లు హోరు తప్ప మాట వినిపించలేదు. ఇందాక చెప్పిన 3000 హెర్ట్జ్ దగ్గరి మెరుపు, హల్లులను మోసుకువచ్చేది కూడా అదే, ఆ హోరు కింద నలిగిపోయింది. పాత్ర మాటల్లో ఉంటుంది, మాట హల్లుల్లో ఉంటుంది. హల్లులు పోయిన చోట పాత్రను వెతికి ప్రయోజనం లేదు. సినిమా పాటల స్టేజి కార్యక్రమాలకు వాడే కొలతలనే ఇక్కడా వాడటం వల్ల వచ్చిన చేటు ఇది. సహజంగా మోగే నాదాన్ని కాస్త పైకెత్తి వదిలేయవలసిన చోట దాన్ని కొత్తగా తయారు చేయబోయారు.

ఇంత హోరులోనూ మొదటి సగం చివరి పాట మా ఇద్దరినీ కట్టిపడేసింది. 1945లో వచ్చిన 'కారుసెల్' అనే నాటకంలోని 'సోలిలోక్వీ', అంటే స్వగతం. ఆ నాటకానికి మూలం ఫెరెన్స్ మోల్నార్ 1909లో హంగేరియన్ భాషలో రాసిన 'లిలియోమ్'. ఆ కథను అమెరికా నేపథ్యానికి మార్చి సంగీత నాటకంగా చేసినవారు రోడ్జర్స్, హామర్‌స్టీన్లే. మొదట పాడినవాడు జాన్ రేట్. రంగులరాట్నం దగ్గర జనాన్ని పిలిచే బిల్లీ అనే మొరటువాడికి, చేతిలో పనీ డబ్బూ లేని సమయంలో, తన భార్య కడుపుతో ఉందని తెలుస్తుంది. అప్పుడు ఒంటరిగా నిలబడి దాదాపు ఏడెనిమిది నిమిషాలు తనలో తాను మాట్లాడుకుంటాడు. ఇది పల్లవీ చరణాల పాట కాదు. ఒక ఆలోచన తెగి మరో ఆలోచన మొదలైనప్పుడల్లా లయ మారుతుంది, రాగం మారుతుంది, వాద్యాలు మారతాయి.

మొదట కొడుకు పుడతాడని నిశ్చయించుకుని, వాడు తనంత ఒడ్డూ పొడుగూ ఉంటాడని, ఎవడికీ తలవంచడని, ఏ పని చేసినా దర్జాగా చేస్తాడని బిల్లీ గొప్పలు పోతాడు. ఆ భాగంలో గాయకుడు జేబుల్లో చేతులు పెట్టుకుని వేదిక అంచుదాకా నడిచి, ముందు వరుసలోని ఒక పెద్దాయనతో బాతాఖానీ వేస్తున్నట్లు పాడాడు. ఉన్నట్టుండి వాద్యాలు ఆగిపోతాయి. ఒకవేళ ఆడపిల్ల పుడితే? ఈ ఒక్క అనుమానం దగ్గర గాయకుడు పూర్తిగా రెండు క్షణాలు ఏమీ చేయలేదు. జేబులోనుంచి కుడిచేయి మాత్రం బయటికి వచ్చి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్లు నడుము దగ్గర ఆగిపోయింది. పక్కన మావయ్య "ఊఁ" అన్నారు. రాగం మెత్తబడి, ఫిడేళ్లు అడుగున పరుచుకోగా, మగవాడితో ఆటలాడవచ్చు గాని ఆడపిల్లకు తండ్రిగా ఉండాలి కదా అనే తలపు మెల్లగా వచ్చింది. ఆ వెనకే భయం, ఆ తర్వాత డబ్బు ఎలాగైనా సంపాదిస్తాననే మొండి పట్టుదల. దొంగతనం చేసైనా సరే అని చివర్లో బారిటోన్ గొంతుకు పైఅంచున ఉండే స్వరం మీద నిలబడి ముగించాలి. ఆ స్వరం దగ్గర గొంతు ఒక్క రవ్వ గీసుకుంది. నాకు అది లోపంగా తోచలేదు. అంతవరకు నునుపుగా ఉన్న గొంతులో మొదటిసారి మనిషి దొరికాడు.

బ్రాడ్‌వేలో 1940ల నుంచి 1960ల దాకా కథానాయక పాత్రలకు ఎక్కువగా బారిటోన్ గొంతులనే ఎందుకు ఎంచుకున్నారో ఈ పాట వింటే బోధపడుతుంది. ఒపేరాలో ప్రేమించేవాడు సాధారణంగా టెనర్, అడ్డుపడేవాడు బారిటోన్. సంగీత నాటకంలో మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో తెలియకుండా జరగాలి కనుక, మగవాడు మామూలుగా మాట్లాడే స్థాయికి దగ్గరగా ఉన్న గొంతే అక్కడ అక్కరకు వచ్చింది.

విరామంలో ఫిల్టర్ కాఫీ బాగుంది, వరుస మాత్రం పొడుగు. మావయ్యకు చెవి నొప్పిగా ఉందంటే స్వచ్ఛంద సేవకుడొకడు మర్యాదగా మమ్మల్ని వెనుక వరుసల్లో ఖాళీగా ఉన్న సీట్లలోకి మార్చాడు. అవి 750 రూపాయల సీట్లు. అక్కడినుంచి రెండో సగం అంతా హల్లు హల్లుగా వినిపించింది. చోటు మారడం వల్లనో, విరామంలో ఎవరైనా చెప్పగా శబ్దాన్ని సరిచేయడం వల్లనో నేను చెప్పలేను. రెండూ అయి ఉండవచ్చు.

రెండో సగం 'ఓల్ మ్యాన్ రివర్'తో మొదలైంది. 1927 నాటి 'షో బోట్' నాటకం కోసం జెరోమ్ కెర్న్ స్వరపరిచిన పాట ఇది. పాల్ రోబ్సన్‌ను మనసులో పెట్టుకుని చేసినా, న్యూయార్క్‌లో మొదట పాడింది జూల్స్ బ్లెడ్సో. రోబ్సన్ 1928లో లండన్ ప్రదర్శనలో పాడాడు. నిజానికి ఇది బాస్ గొంతుకు తగిన పాట. రేవులో బరువులు మోసే నల్లజాతి కూలీ, మనుషుల కష్టాలు ఏవీ పట్టకుండా పారుతూ పోయే నదిని చూస్తూ పాడతాడు. మన దేశంలో దీని ఛాయ వినని వారు తక్కువ. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడు రోబ్సన్‌తో పరిచయమైన భూపేన్ హజారికా ఈ పాట స్ఫూర్తితో అస్సామీలో చేసిన నది పాట, హిందీలో గంగను నిలదీసే పాటగా దేశమంతా తిరిగింది. ఆ మాట నేను చెప్పేలోపే మావయ్య "ఇది మోహనలా ఉందేమిట్రా" అన్నారు. ఆయన చెవి తప్పలేదు. పల్లవి నడక దాదాపు అంతా మోహన రాగానికి ఆధారమైన ఆ అయిదు స్వరాల మీదనే సాగుతుంది, గమకం ఉండదు, అంతే తేడా. మధ్యలో వచ్చే భాగంలో అన్య స్వరం తగలగానే ఆయన వేలు మోకాలి మీద పక్కకు జరిగింది.

రోబ్సన్ 1930ల చివరినుంచి కచేరీలలో ఈ పాట మాటలను మార్చి పాడేవాడు. బతకడానికి విసుగు, చావడానికి భయం అనే అర్థం వచ్చే చోట, చచ్చేదాకా పోరాడుతూనే ఉంటాను అనే అర్థం పెట్టుకున్నాడు. మన గాయకుడు మొదటిసారి మూలంలో ఉన్న మాటలే పాడి, పునరావృత్తిలో రోబ్సన్ మాటలు పాడాడు. ఒకే రాగంలో ముందు అలసట, తర్వాత తిరుగుబాటు వినిపించిన ఆ ఎంపిక ఆలోచనాపరుడు చేసినది. దాని గురించి వ్యాఖ్యాత ఒక్క ముక్క చెప్పకపోవడం, అదే వ్యాఖ్యాత స్పాన్సర్ల గురించి నాలుగు నిమిషాలు మాట్లాడటం ఈ సాయంత్రానికి పట్టిన తెగులు.

'ఇఫ్ ఐ వర్ ఎ రిచ్ మ్యాన్' పాటకు హాలంతా నవ్వింది. 1964లో జెర్రీ బాక్ స్వరపరచిన 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్'లో అయిదుగురు ఆడపిల్లల తండ్రి, యూదుల పల్లెలో పాలమ్ముకునే టెవ్యే, నన్ను కాస్త డబ్బున్నవాణ్ణి చేస్తే నీ సొమ్మేం పోయిందని దేవుణ్ణి నిలదీస్తాడు. రామదాసు కీర్తనలలో రాముడికి లెక్కలు చెప్పి తగువులాడిన చనువు మనకు ఉంది కాబట్టి ఆ ధోరణి మావయ్యకు పరాయిగా అనిపించలేదు. అర్థం లేని అక్షరాలతో సాగే ఆ పాటలోని ముక్కలను గాయకుడు భుజాలు కదుపుతూ, నడుము పట్టేసినట్లు వంగి, క్లారినెట్ అమ్మాయితో పోటీపడి పాడాడు. ఒపేరా గొంతును దాచిపెట్టి పాలవాడి గొంతు బయటికి తీయడం అతని విద్యలో నేను ఊహించని భాగం.

1985లో లండన్‌లో ఇంగ్లీషులో మొదలైన 'లే మిజెరాబ్ల్'లోని ఇన్‌స్పెక్టర్ జావేర్ పాట 'స్టార్స్' కుదురుగా సాగింది. తప్పు చేసినవాణ్ణి వదలననే మొండివాడికి నక్షత్రాల క్రమశిక్షణ ఆదర్శం. గాయకుడు కాలు కదపకుండా, చేతులు వెనక్కి కట్టుకుని పాడాడు, అది చాలు. 1986 నాటి 'ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా' పాట మాత్రం ఈ జాబితాలో ఎందుకు చేరిందో నాకు అర్థం కాలేదు. బహుశా ఆ పేరు చూసి టికెట్లు కొనేవారు ఉంటారు. గాయకుడి వీలు కోసం శ్రుతి దించినట్టున్నారు, దానివల్ల ఫిడేళ్ల కాంతి తగ్గింది. పైన మెత్తగా పలకవలసిన స్వరాలను ఆయన మైకుకు ఆనుకుని దొంగగొంతులో గడిపేశాడు. జనం అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు కొట్టింది మాత్రం దానికే. కచేరీ 1965 నాటి 'మ్యాన్ ఆఫ్ లా మంచా'లోని 'ది ఇంపాసిబుల్ డ్రీమ్'తో ముగిసింది. రిచర్డ్ కైలీ పాడి స్థిరపరిచిన పాట, ముగింపుకు ఇంతకంటే తగినది లేదు గాని, వెనుక తెర మీద మంచుకొండలు, సూర్యోదయాలు చూపించకపోయి ఉంటే ఇంకా బాగుండేది.

మావయ్య "వన్స్ మోర్" అని కేక వేస్తారేమోనని భయపడ్డాను. వేశారు. ముందు వరుసల్లోని కొందరు వెనక్కి తిరిగి చూశారు గాని, గాయకుడు నవ్వి, చేయి గుండె మీద పెట్టుకుని, తెల్లవారుజాము పాటలోని ఒక చరణం మళ్లీ పాడాడు. అది ఆయన కేక వల్లనే జరిగిందని మావయ్య నమ్మకం, ముందే అనుకున్నదని నా అనుమానం.

ఇక నిర్వాహకుల సంగతి. అచ్చువేసిన కార్యక్రమ పత్రం లేదు. ద్వారం దగ్గర అట్టముక్క మీద క్యూఆర్ కోడ్ అతికించి, ఫోనుతో చూసుకోమన్నారు. తెరిస్తే పాటల పేర్లు, స్వరకర్తల పేర్లు, మిగతా అంతా ప్రకటనలు. ఏ పాట ఏ నాటకంలోదో, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో పాడుతున్నారో ఒక్క వాక్యం లేదు. పైగా ప్రతి పాటకూ ముందు వందలాది ఫోన్లు వెలగడం, చీకట్లో పక్కవాడి ముఖం నీలంగా మెరవడం మొదలైంది. ఫోన్లు చూడవద్దని వ్యాఖ్యాత, ఫోనులో చూసుకోమని అట్టముక్క; ఎవరి మాట వినాలి? 2,000 రూపాయలు తీసుకున్నవారు రెండు రూపాయల కాగితం మీద పది పాటల సందర్భాలు అచ్చు వేయించలేకపోయారు. సినిమా కథ తెలియకుండా పాట విన్నా నష్టం లేదని మనకు అలవాటై ఉండవచ్చు గాని, ఈ పాటలు అలా వినవలసినవి కావు.

వెళ్లదలచుకున్నవారికి నేను చెప్పేది, వెనుక లేదా మధ్య వరుసల్లో చవక టికెట్టే తీసుకోండి, ముందు రోజు ఒక అరగంట కూర్చుని 'కారుసెల్', 'షో బోట్', 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' కథలు మాత్రం చదువుకోండి. పియానో గ్రేడ్ పరీక్షలకు కూర్చునే పిల్లలుంటే తప్పక తీసుకెళ్లండి, కాకపోతే పాటగాడి కంటే రీడ్ వాద్యకారులు కనిపించే వైపు కూర్చోబెట్టండి. అయిదు నక్షత్రాలకు గాయకుడికి నాలుగు, ఆర్కెస్ట్రాకు నాలుగు, నిర్వహణకు ఒకటిన్నర ఇస్తాను.

సంపిగె రోడ్డు స్టేషనులో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో వైట్‌ఫీల్డ్ వైపు రైలు మారి కూర్చున్నాక మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. హలసూరు దాటాక అడిగారు, "ఇంతకీ ఆ రంగులరాట్నం వాడికి కొడుకా, కూతురా?"

"కూతురే, మావయ్యా. కాని ఆ పిల్ల పుట్టేసరికి అతను లేడు. డబ్బు కోసం దోపిడీకి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు."

ఆయన కిటికీలోకి చూస్తూ ఇందిరానగర్ దాకా ఊరుకుని, "ఆ సంగతి ముందే ఒక కాగితం మీద వేసి ఇస్తే ఆ చివరి స్వరం ఇంకోలా వినేవాణ్ణి కదరా," అన్నారు.